చలికాలం, మా అమ్మాయి పరుగు

మాది ఆదిలాబాదు జిల్లా. ఇక్కడ చలికాలం వచ్చిన సంగతి క్యాలెండరు చూసి తెలిసికోనక్కరలేదు. గూట్లో కొబ్బరినూనె సీసా గడ్డకట్టిందంటే చలి మొదలైందన్నమాట. సీసాలో పుల్ల పెట్టి త్రవ్వవలసి వచ్చిందంటే డిసెంబరు వచ్చిందన్నమాట. తెల్లవారుజామున పది డిగ్రీలకు దిగువకు రావడం మాకు మామూలే. కొన్ని సంవత్సరాల్లో అయిదారు డిగ్రీల వరకూ దిగుతుంది. కోస్తా వైపు నుండి ఉద్యోగం మీద మా ఊరికి వచ్చిన ఒక మిత్రుడు మొదటి చలికాలంలో రెండు రగ్గులు కొన్నాడు, రెండవ చలికాలంలో బదిలీకి దరఖాస్తు పెట్టాడు.

ప్రియ చదువరులారా, ఇటువంటి చోట ఆయాసం ఉన్న ఆడపిల్ల తెల్లవారకముందే లేచి బయట పరుగెత్తుతానని పట్టుబడితే తండ్రి ఏమి చేయాలి? నేను మొదట ఏ తండ్రి అయినా చేసే పనే చేశాను. వద్దన్నాను. తరువాత జరిగిన సంగతులు వ్రాయమని మా ఊరి తల్లిదండ్రులు కొందరు అడిగారు గనుక, నా పొరపాట్లతో సహా ఇక్కడ వ్రాస్తున్నాను.

మా పెద్దమ్మాయికి నాలుగవ ఏటి నుండి పిల్లికూతలు. చలి మొదలైతే చాలు, రాత్రి పన్నెండు దాటాక రొమ్ములో ఈల వేసినట్లు చప్పుడు వచ్చేది. దిండ్లు ఎత్తు పెట్టి కూర్చోబెట్టేవాళ్లం. మా అమ్మ కుంపటి దగ్గరకు తీసికొని, ఆవనూనెలో కర్పూరం వేసి రొమ్ముకు రాసేది. ఎన్ని రాత్రులు మోపెడ్ మీద మండల కేంద్రానికి తీసికొని పోయామో లెక్క లేదు. బడిలో ఆటల పీరియడ్ వస్తే ఆ పిల్ల చెట్టు క్రింద కూర్చొని తక్కిన పిల్లల చెప్పులకు కాపలా కాసేది. నేను అదే బడిలో ఉపాధ్యాయుణ్ణి. ఆమెను ఆడించవద్దని పీఈటీ సారుకు చెప్పినవాణ్ణి నేనే.

అటువంటి పిల్ల డిగ్రీ పూర్తి చేసి, 2022లో పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. ఆగస్టు 28న ప్రాథమిక పరీక్ష వ్రాసింది. మూడు లక్షల పుస్తకాలు చదివినా ఆడపిల్లకు లాఠీ ఎందుకని మా బంధువులు నవ్వారు. నేను కూడా, వ్రాయనీ, తరువాత సంగతి తరువాత చూద్దాం అనుకొన్నాను. అక్టోబరులో ఫలితాలు వచ్చాయి. ఆమె గట్టెక్కింది. ఇక దేహదారుఢ్య పరీక్షలు డిసెంబరు 8 నుండి. ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలి. రెండున్నర మీటర్ల లాంగ్‌జంప్, నాలుగు కిలోల ఇనుప గుండు నాలుగు మీటర్లు విసరాలి. మగపిల్లలకైతే 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లు.

ఏ మేలో జూన్‌లో పెట్టినా ఎండ అని ఏడ్చేవాళ్లం. మా పిల్లకు మాత్రం డిసెంబరు కంటే చెడ్డ నెల లేదు.

నేను వద్దన్న రోజు ఆ పిల్ల ఏడవలేదు, అలగలేదు. పొయ్యి దగ్గర రొట్టెలు చేస్తూ తల ఎత్తకుండానే ఇట్లా అన్నది.

"బాపూ, నువ్వు వద్దంటే ఆగుత. కని చూడు, రాత్రి ఊపిరి ఆడకున్నా పొద్దున లేసి బడికి పోయి ఇంత చదివిన. ఉరికి ఓడిపోతె ఓడిపోయిన్న అనుకుంట. ఉరకకుంటనే ఓడిపోయిన్న అని మాత్రం అనిపించుకోను."

నాకు జవాబు తోచలేదు. మా అమ్మ మంచం మీద నుండి, "సల్లగాలి రొమ్ముల జొర్రితె బిడ్డ దక్కదురా" అన్నది. నా భార్య ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడమంటే కూతురి పక్షమని ఇన్నేళ్లలో నాకు తెలిసింది.

చివరకు సగం మనసుతో ఒప్పుకొన్నాను. ఒక షరతు పెట్టాను. నేను చెప్పినట్లు తొడుక్కోవాలి. లోపల మందపాటి నూలు బనియను, దాని మీద స్వెట్టరు, ఆ పైన నా స్వెట్టరు, తలకు మంకీ టోపీ, మెడకు మఫ్లర్. అద్దంలో చూసికొని ఆమెకే నవ్వు వచ్చింది. చలికి ఎంత కప్పితే అంత క్షేమం అనుకొన్నాను. అందరమూ అట్లాగే అనుకొంటాము గదా.

మొదటి రెండు రోజులు బాగానే గడిచాయి. మూడవ రోజు మంచు దట్టంగా పడింది. ఇంటి గుమ్మం దాటగానే నేరుగా పరుగు మొదలుపెట్టింది. రెండు చుట్లు తిరిగేసరికి లోపలి బనియను చెమటతో ముద్దయింది. వేడి ఎక్కి టోపీ, పై స్వెట్టరు తీసివేసి, గట్టు మీద కూర్చొని అలుపు తీర్చుకొన్నది. అంతే, ఆ తడి మీద చలిగాలి తగిలింది. ఇల్లు చేరేసరికి పెదవులు నల్లబడ్డాయి, రొమ్ములో ఈల. మాట పూర్తి చేయలేకపోయింది. మళ్లీ మోపెడ్, మళ్లీ మండల కేంద్రం, ముఖానికి మాస్కు పెట్టి ఆవిరి మందు. ఆ దారిలో నా వీపుకు ఆనుకొన్న పిల్ల ఊపిరి శబ్దం నాకు ఇంజను శబ్దం కంటే పెద్దగా వినబడింది. ఇక ఇంతటితో సరి అని నిశ్చయించుకొన్నాను.

అక్కడి నర్సమ్మ ఒక మంచి మాట చెప్పింది. "ప్రతి ఏడూ వచ్చి ఆవిరి పట్టించుకొని పోతున్నారు. ఒక్కసారైనా ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించారా సార్?" అన్నది. నిజమే. పదిహేడేళ్లలో ఒక్కసారి కూడా చూపించలేదు. ఉపాధ్యాయుణ్ణని చెప్పుకొనే నాకు ఆ మాటకు తల వంగింది.

పట్టణంలో ఆ డాక్టరుగారు పిల్ల చేత ఒక గొట్టంలోకి గట్టిగా ఊదించి చూశారు. తరువాత కాగితం మీద బొమ్మ వేసి చెప్పారు. మామూలుగా మనం ముక్కుతో పీల్చినప్పుడు గాలి ముక్కులోనే వెచ్చబడి, తడి పట్టి లోపలికి పోతుంది. పరుగెత్తేటప్పుడు నోటితో పీలుస్తాము. చలికాలపు గాలి చల్లనిదే కాదు, అందులో ఉండే తడి కూడా తక్కువే. అది నేరుగా లోపలికి పోయి ఊపిరి గొట్టాల లోపలి పొరను ఆరబెడుతుంది. ఆయాసం ఉన్నవారికి ఆ గొట్టాలు అప్పుడు బిగుసుకొంటాయి. అదే పిల్లికూత. మంచు తగిలి కాదు, టోపీ తీసినందుకూ కాదు.

"అయితే పరుగు మానిపించమంటారా డాక్టరుగారూ?" అని అడిగాను.

"ఎందుకు మానాలి? ఉబ్బసాన్ని అదుపులో పెట్టుకొని పరుగెత్తేవాళ్లు చాలామంది ఉన్నారు. అదుపులో లేకుండా పరుగెత్తడమే తప్పు" అన్నారు.

రెండు రకాల పీల్చే మందులు వ్రాసి ఇచ్చారు. ఒకటి ఆయాసం ఉన్నా లేకున్నా రోజూ పీల్చవలసినది. లోపలి వాపును తగ్గించేది అదే, పని చేయడానికి కొన్ని వారాలు పడుతుంది. రెండవది పరుగుకు సుమారు పదిహేను నిమిషాల ముందు, ఇంకా ఎప్పుడైనా ఊపిరి బిగుసుకొంటే. పీల్చే మందు అలవాటు పడితే విడవదని మా ఊళ్లో ఒక భయం ఉన్నది. నాకూ ఉండేది. డాక్టరుగారు, అది మాత్ర కంటే ఎన్నో వంతులు తక్కువ మోతాదు, నేరుగా చేరవలసిన చోటికే చేరుతుంది, భయపడవలసింది మందుకు కాదు, మందు మానివేయడానికి అన్నారు. ఇది చదివి ఎవరూ మా పిల్ల మందు పేరు అడిగి కొనుక్కోవద్దు. ఎవరి ఊపిరి వారిదే. ఎవరి చీటీ వారు వ్రాయించుకోవలసిందే.

రెండు వారాలు పరుగు లేదు, నడక మాత్రమే అన్నారు. ఆ తరువాత నెమ్మదిగా మొదలుపెట్టమన్నారు. పరీక్షకు మాకు మిగిలింది నెలరోజుల పైచిలుకు.

ఇప్పుడు తొడుగుల సంగతి చెబుతాను. ఇది చాలామంది తప్పు చేసేచోటు. ఒంటికి ఆనుకొని నూలు బట్ట ఉండకూడదట. మేము పత్తి పండించేవాళ్లం. పత్తిని నిందిస్తే ఆ భూమాత నవ్వుతుందేమో గాని, ఈ ఒక్క విషయంలో నిందించక తప్పదు. నూలు చెమటను పీల్చి పట్టుకొని కూర్చొంటుంది, ఆరదు. తడిబట్ట ఒంటి వేడిని లాగివేస్తుంది. గాలి కంటే నీరు వేడిని సుమారు ఇరవై అయిదు వంతులు వేగంగా లాగుతుందని నేనే పిల్లలకు పాఠం చెప్పాను, ఇంట్లో వాడుకోలేదు. కబడ్డీ ఆడే పిల్లలు వేసికొనే పల్చని జెర్సీ లోపల, దాని మీద ఒక స్వెట్టరు, అది కూడా జిప్పు ఉన్నది. ఇంతే. ఇంటి నుండి బయలుదేరేటప్పుడు కొంచెం చలి వేయాలి. ఆ చలి లేకుండా బయలుదేరామంటే ఎక్కువ తొడుక్కొన్నామన్నమాట. పది నిమిషాల్లో ఒళ్లే వెచ్చబడుతుంది. అప్పుడు జిప్పు కొంచెం తీయాలి, ఇంకా వేడి ఎక్కితే స్వెట్టరు తీసి నడుముకు కట్టుకోవాలి. పరుగు అయిపోగానే, కూర్చోకముందే, లోపలి తడి జెర్సీ విప్పి పొడిది తొడగాలి. మా అమ్మాయి సంచిలో మొట్టమొదట సర్దేది ఆ పొడి జెర్సీనే. ముక్కు, నోరు కప్పేటట్లు ఒక పల్చని చున్నీ. ఆ బట్ట లోపల మన ఊపిరే గాలిని వెచ్చబరచి తడి చేస్తుంది. మా అమ్మ ఎప్పుడూ "ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకో బిడ్డా" అనేది. డాక్టరుగారు అదే మాట చెప్పారని తెలిసినప్పటి నుండి ముసలామె ఊరంతా చెప్పుకొన్నది.

పరుగుకు ముందు ఇంట్లోనే పదిహేను, ఇరవై నిమిషాలు ఒళ్లు వెచ్చబెట్టుకోవడం. నడక, నిలుచున్నచోటనే అడుగులు వేయడం, చేతులు, తుంట్లు త్రిప్పడం, మధ్యలో చిన్న చిన్న పరుగులు. వేసవిలో అయిదు నిమిషాలతో సరిపోతుంది. చలిలో కండరాలు బిగుసుకొని ఉంటాయి. లేచీ లేవగానే ఉరికితే తొడ నరం పట్టుకోవడం ఖాయం. గోరువెచ్చని నీళ్లు ఒక గ్లాసు. చలికి దాహం తెలియదు, కాని ఊపిరితో, మూత్రంతో నీళ్లు పోతూనే ఉంటాయి. ఒక అరటిపండు. పెదవులకు, ముక్కు అంచులకు వేజ్‌లైన్. మంచుకు తడిసిన బూట్లలో రాత్రి పాత వార్తాపత్రిక ఉండలు చేసి కుక్కితే పొద్దుటికి ఆరుతాయి. పొయ్యి దగ్గర పెట్టి ఒక జత అట్టలు ఊడగొట్టుకొన్నాక ఇది నేర్చుకొన్నాము.

ఎన్ని గంటలకు పరుగెత్తాలి? నాలుగున్నరకే లేస్తే మంచిదని ఊళ్లో కుర్రవాళ్ల నమ్మకం. పట్టణంలోని ఒక శిక్షణ కేంద్రంలో కూడా అట్లాగే చెప్పారట. డిసెంబరు చివరలో మాకు సూర్యోదయం సుమారు ఆరూ ముప్పావుకు. రాత్రంతా చల్లబడుతూ వచ్చిన నేల సూర్యుడు వచ్చే వేళకే అన్నిటికంటే చల్లగా ఉంటుంది. ఎండ తగిలిన తరువాత గంటలోనే తేడా తెలుస్తుంది. ఇంకొక సంగతి పొగ. చలికాలపు ప్రొద్దున గాలి కదలదు. నేల దగ్గరి చల్లగాలి మీద వెచ్చని గాలి మూతలాగా కూర్చొంటుంది. ఊళ్లోని పొయ్యిల పొగ, చలిమంటల పొగ ఆ మూత క్రిందనే చిక్కుకొని ఉంటుంది. ఆయాసం ఉన్నవారికి చలి కంటే అది ఎక్కువ హాని. అందుచేత వారంలో నాలుగు రోజులు ఏడు దాటిన తరువాత, బడి గంటకు ముందు పరుగు. పరీక్ష చీకటితో మొదలవుతుంది గనుక అలవాటు కోసం రెండు రోజులు మాత్రం తెల్లవారకముందే. ఆదివారం విశ్రాంతి.

ఆ రెండు రోజులే మా పెద్ద చిక్కు. బడి మైదానం ఊరికి కిలోమీటరు దూరం, మెయిన్‌రోడ్డు మీదుగా పోవాలి. అది పత్తి ఏరే కాలం. జిన్నింగు మిల్లుకు పత్తి ట్రాక్టర్లు రాత్రంతా నడుస్తాయి. ట్రాలీ కంటే రెండు మూడడుగులు బయటకు పొంగిన బోరాలు, వెనుక ఎర్రదీపం ఉండదు, మంచులో అవి మన మీదికి వచ్చేవరకు తెలియదు. అప్పటికి మా అమ్మాయితోపాటు మరి ముగ్గురు ఆడపిల్లలు పరుగుకు వస్తున్నారు. ఒక పిల్ల తండ్రి, "సారూ, ఉద్యోగం మాట దేవుడెరుగు, చీకట్ల ఆడివిల్లలు రోడ్డెక్కుడేంది?" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. "నేను వెంట ఉంటాను, మీరూ ఒక రోజు రండి" అన్నాను. లారీల వెనుక అంటించే మెరిసే ఎర్ర పట్టీ ఆటోమొబైల్ దుకాణంలో మీటరు లెక్కన తెచ్చి, నా భార్య నలుగురి జెర్సీలకూ ముందూ వెనుకా కుట్టింది. రోడ్డుకు కుడి ప్రక్కన, ఎదురు వచ్చే బండ్లు కనబడేటట్లు ఒకరి వెనుక ఒకరు. నేను వెనుక సైకిలు మీద, చేతిలో టార్చి, కుక్కల కోసం క్యారియరుకు ఒక కర్ర.

సైకిలు ఎందుకంటే, మొదట నేనూ వాళ్లతో పరుగెత్తబోయాను. యాభై మూడేళ్ల వయసు, బీపీ మాత్ర వేసికొనేవాణ్ణి. రెండవ రోజే ఛాతీ బరువెక్కింది. డాక్టరుగారు పరీక్ష చేసి, ప్రస్తుతానికి ఏమీ లేదుగాని, చలికి రక్తనాళాలు ముడుచుకొంటాయి, రక్తపోటు పెరుగుతుంది, గుండెకు పని ఎక్కువవుతుంది, మీ వయసువారు చలిలో ఉన్నట్టుండి పరుగు మొదలుపెట్టకూడదు అని మందలించారు. కూతురి కోసం తెచ్చిన జాగ్రత్తలు తండ్రికి గుర్తు లేకపోయాయి.

మరొక సంగతి మరచిపోలేను. బస్టాండు దగ్గర రోజూ నలుగురైదుగురు పెద్దలు చలి కాగుతారు. పాత టైరు వేస్తే గంటసేపు మండుతుందని టైర్లే వేసేవారు. ఆ నల్లని పొగ రోడ్డుకు అడ్డంగా పరచుకొని ఉండేది. ఆ చోటికి వచ్చేసరికి మా అమ్మాయి చున్నీ గట్టిగా అదిమి పట్టుకొని నడిచేది. ఒక రోజు సైకిలు దిగి, "పెద్దయ్యా, టైరు పొగ మీకూ మంచిది కాదు, ఈ పిల్లకైతే ఊపిరే ఆడదు" అన్నాను.

"కట్టెలు నువ్వు తెస్తవా సారూ? ముసలోళ్లం, అడివికి పోతమా?" అన్నాడు ఒకాయన కొంచెం కోపంగా.

నాకూ కోపం వచ్చింది. కాని ఆయన అడిగింది న్యాయమే గదా. మా చేను గట్టున పడిన ఎండు తుమ్మ మొద్దులు రెండు నరికించి, సాయంత్రం ఎడ్లబండి మీద పంపించాను. మరునాడు టైరు లేదు. మంట కూడా బస్టాండు వెనుకకు, గాలి వాలుకు జరిగింది. వారం తరువాత ఆ పెద్దాయనే పిల్లలు పోతుంటే, "ఎంతయిందే ఇయ్యాల? అయిదున్నర నిమిషాలల్ల కొట్టిన్రా?" అని కేకవేసి అడగసాగాడు. ఆయన మనవరాలే మా నాలుగవ పిల్ల అని నాకు అప్పుడు తెలిసింది.

మైదానంలో సర్వేయరు దగ్గర టేపు అడిగి తెచ్చి, రెండు వందల మీటర్ల చుట్టు సున్నంతో గీశాము. నాలుగు చుట్లు. మా అమ్మాయి మొదటి కాలం ఆరు నిమిషాల తొమ్మిది సెకన్లు. మధ్యలో నడిచింది. పది రోజులకు అయిదు నలభై ఒకటి. అక్కడ ఆగిపోయింది, ఎంతకూ తగ్గలేదు. డిసెంబరు మొదటి వారంలో యౌవనస్థులు రాత్రిళ్లు కేరల్స్‌కు బయలుదేరారు. చిన్నప్పటి నుండి ఆమె మానిన సంవత్సరం లేదు. ఒక రాత్రి వెళ్లి, మంచులో పాడి, ఒంటిగంటకు ఇంటికి వచ్చింది. మరునాడు గొంతు బొంగురు, కాలం అయిదు యాభై. ఇంట్లో కొంచెం రాద్ధాంతమైంది. చివరకు మా అయ్యగారే, మొదటి రెండు వీధులు ఎనిమిది గంటలకే ముగించి ఈ నలుగురిని ఇంటికి పంపించే ఏర్పాటు చేశారు. నిద్ర సరిపోయినాక కాలం అదే తగ్గింది. అయిదు ఇరవై రెండు. తరువాత అయిదు పదిహేను. ఆ రోజు నలుగురు పిల్లలూ మైదానం మధ్య కూర్చొని నా చేతి గడియారం లాక్కొని ఒకరి తరువాత ఒకరు చూశారు, ఒక్కరి మాట ఇంకొకరికి నమ్మకం లేనట్లు.

మా అమ్మాయి వంతు డిసెంబరు మూడవ వారంలో వచ్చింది. చీకటితోనే మైదానం గేటు దగ్గర ఉన్నాము. తల్లిదండ్రులకు లోపల ప్రవేశం లేదు. అసలు పరీక్ష కంటే ముందు ఇంకొక పరీక్ష ఉన్నది, అదే ఎదురుచూడడం. వరుసలో, కాగితాలు చూపించడంలో గంట, గంటన్నర కదలకుండా నిలబడితే ఇంట్లో వెచ్చబెట్టుకొన్న ఒళ్లు మళ్లీ చల్లబడుతుంది. అందుకని పాత స్వెట్టరు, దాని మీద నా పాత శాలువ ఇచ్చి, పేరు పిలిచేవరకు తీయవద్దు, పోతే పోయింది, వెనక్కి తేనక్కరలేదు అన్నాను. వరుసలోనే నిలబడి మడమలెత్తుతూ దించుతూ ఉండమన్నాను. పీల్చే మందును డాక్టరుగారి చీటీ చూపించి లోపలికి తీసికెళ్లింది.

గోడ బయట టీ బండి దగ్గర నిలబడినవాణ్ణి, లోపల ఈల వినబడినప్పుడల్లా గడియారం చూసికొన్నాను. అది ఎవరి పరుగో నాకు తెలియదు.

పరుగు అయిదు నిమిషాల ఆరు సెకన్లలో ముగించింది. మైదానంలో అంత వేగంగా ఆమె మా దగ్గర ఎన్నడూ పరుగెత్తలేదు. లాంగ్‌జంప్ దాటింది. ఇనుప గుండు దగ్గరికి వచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. ఊపిరి చూసికొన్నాము, కాళ్లు చూసికొన్నాము, రోడ్డు చూసికొన్నాము, చేతుల సంగతి ఒక్కరికీ తోచలేదు. మేము గుండు సాధన చేసింది ఎప్పుడూ సాయంత్రం పూట. అక్కడ గుండు రాత్రంతా మంచులో పడి ఉన్న ఇనుము. వ్రేళ్లు కొయ్యబారి పట్టు చిక్కలేదు. మొదటిసారి జారి ప్రక్కకు పడింది. రెండవసారి గీతకు జానెడు ఇవతల. ఇక ఒక్కటే అవకాశం. అక్కడ పనిలో ఉన్న ఒక మహిళా కానిస్టేబుల్ దగ్గరకు వచ్చి, "చేతులు చంకల్లో పెట్టుకో చెల్లే, నీ వంతు వచ్చేదాక తీయకు. తీసినంక ఊదుకోకు, తడి అయితది" అన్నదట. మూడవసారి గుండు గీత దాటింది. ఆ అమ్మ ఎవరో, ఏ ఊరో మాకు తెలియదు. చేతితొడుగులు ఎనభై రూపాయలు. అవి కొనకపోవడం వల్ల మూడు నెలల కష్టం జానెడు దూరంలో పోయేది.

నలుగురిలో ఇద్దరు గట్టెక్కారు. పెద్దాయన మనవరాలు పరుగులోనే మూడు సెకన్లకు తప్పిపోయింది. ఆ సాయంత్రం మా అమ్మాయి తన సంగతి ఇంట్లో చెప్పకముందే ఆ పిల్ల ఇంటికి వెళ్లింది.

ఆ తరువాత 2023 ఏప్రిల్‌లో వ్రాత పరీక్ష, అక్టోబరులో తుది ఫలితాలు. జాబితాలో మా అమ్మాయి పేరు లేదు. కొద్ది మార్కుల్లో పోయింది. నేను రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆమె మూడవ రోజు పొద్దున్నే బూట్లలో నుండి కాగితం ఉండలు తీసి వేసికొని, మైదానానికి వెళ్లి వచ్చింది. ఇప్పుడు ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతున్నది. చలికాలంలో ఆమె వెంట మైదానానికి వచ్చే ఆడపిల్లలు గత సంవత్సరం తొమ్మిది మంది అయ్యారు. ఆమె సంచిలో పొడి జెర్సీ, మందు, చున్నీ, వాటితోపాటు తొమ్మిది జతల చేతితొడుగులు. రోజూ పీల్చే మందు ఆమె మానలేదు. మా ఇంట్లో రాత్రిపూట మోపెడ్ తీసి చాలా కాలమైంది.

గత వారం ప్రక్క ఊరి నుండి ఒక తల్లి పదమూడేళ్ల పాపను తీసికొని మా గుమ్మంలోకి వచ్చింది. బడి పరుగుపందెంలో పేరు ఇచ్చిందట, పిల్లికూతలట, ఏమి తొడగాలో చెప్పమని అడిగింది. మా అమ్మాయి తొడుగుల మాట ఎత్తలేదు. "అక్కా, శనివారం డాక్టరు ఉంటడు. ఎనిమిదింటి బస్సుకు రండి, నేను గూడ వస్త" అన్నది.